జీడి ఎడమ చెవి మూడోసారి: చుక్కల మందు అయిపోతోంది, జబ్బు పోవడం లేదు

అరసవల్లి రోడ్డు:
మా లాబ్రడార్ కుక్క పేరు జీడి. పలాస నుంచి తెచ్చుకున్నాం, ఒంటి రంగు కూడా దోరగా వేయించిన జీడిపప్పే. వయసు 4 ఏళ్లు. ఉగాది నుంచి ఇప్పటికి ఎడమ చెవికి ఇది మూడోసారి. కాలితో గోక్కోవడం, చెవి ఎత్తి చూస్తే గోధుమరంగు జిగురు, పులిసిపోయిన పిండి వాసన. రాత్రి 2 గంటలకు తల విదిలిస్తే చెవులు టపటపమని కొట్టుకుంటాయి, ఇంటిల్లిపాదీ లేచి కూర్చుంటున్నాం.

చూపించిన చోట రెండుసార్లూ టార్చి వేసి చూసి, చుక్కల మందు రాశారు. 5 రోజులకు వాసన పోతుంది, నేను మందు ఆపేస్తాను. ఆపమని ఎవరూ చెప్పలేదు, ఒప్పుకుంటాను. కానీ అది 31 కిలోలు, నేను 52. రోజూ కుస్తీ నా వల్ల కాదు. మూడు వారాలు తిరగకముందే మళ్లీ మొదలు.

మా అత్తగారు కొబ్బరినూనెలో వెల్లుల్లి కాచి పోయమంటున్నారు. మా ఇంట్లో మూడు తరాల పిల్లల చెవులకు అదే మందట. పాత సీసాలో మందు సగం ఉంది, అది వేయనా? సాయంత్రాలు నాగావళిలో ఈదుతుంది, మాన్పించాలా?

చీపురుపల్లి మేష్టారు:
అమ్మా, ముందు ఆ నూనె గిన్నె పొయ్యి మీద నుంచి దించేయండి. మన చెవి గొట్టం దాదాపు తిన్నగా లోపలికి పోతుంది. కుక్కది ముందు కిందికి దిగి, తర్వాత పక్కకు మలుపు తిరుగుతుంది, ఎల్ అక్షరంలా. పోసిన నూనె ఆ మలుపులో నిలిచిపోతుంది. అప్పుడు డాక్టరుకు కర్ణభేరి కూడా కనబడదు. పైగా వెల్లుల్లి కుక్క కడుపులోకి పోతే విషం, కారిన నూనెను అది నాకకుండా ఉండదు.

పాత సీసా కూడా వద్దు. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే కొన్ని మందులు లోపలి చెవికి చేరి వినికిడిని దెబ్బతీస్తాయి. పులిసిన వాసన అన్నారు కాబట్టి మలసీజియా అనే ఈస్టు, అంటే ఒక రకం బూజు కావచ్చు. బాక్టీరియా కావచ్చు, రెండూ కలిసి ఉండవచ్చు. ముక్కుతో తేలే సంగతి కాదు. దూది పుల్లతో ఆ జిగురు కొంచెం తీసి, గాజు పలక మీద రాసి, రంగు వేసి మైక్రోస్కోపులో చూడమని అడగండి. ఆ పని జరగకుండా మూడో చీటీ తెచ్చుకోకండి.

మీరు చెవి సంగతే రాశారు. జీడి పాదాలు నాకుతుందా? పొట్ట కింద గోక్కుంటుందా? మా స్పానియల్‌కు ఆరేళ్లు చెవికి వైద్యం చేయించాను, జబ్బేమో చర్మానిది. చెవి గొట్టం లోపలంతా చర్మమే కదా, ఒంటికి అలర్జీ ఉంటే అక్కడా రేగుతుంది.

బొబ్బిలి కోట వెనక:
మేష్టారు చెప్పిందంతా నిజమే, ఒక్కటి కలుపుతాను: ఆలస్యం చేయకండి. మా కుక్క తల విదిలించి విదిలించి చెవి రెక్కలో రక్తనాళం చిట్లి, చెవి పూరీలా పొంగింది. చివరికి ఆపరేషన్. తల ఒక పక్కకు వాల్చినా, నడకలో తూలినా ఆ రోజే తీసుకెళ్లండి.

ఈత విషయంలో నేనైతే చెవి మానేదాకా ఆపుతాను, తర్వాత వదిలేస్తాను. లాబ్రడార్‌ను నీళ్ల దగ్గర పట్టి ఆపడం కన్నా ఒడ్డున తుండుగుడ్డ పట్టుకుని నిలబడడం తేలిక. చెవి కడిగే ద్రావణం డాక్టరు ఇస్తే, పోసి, చెవి మొదట్లో అర నిమిషం మర్దన చేసి, విదిలించనివ్వండి. బయటికి వచ్చింది మాత్రం దూదితో తుడవండి. పుల్లలు లోపలికి పెడితే గుబిలి ఇంకా లోతుకు పోతుంది.

అరసవల్లి రోడ్డు:
నెల తర్వాత రాస్తున్నాను. గరివిడి పశువైద్య కళాశాలకు తీసుకెళ్లాం. కారు సీటు మీద బొచ్చు ఇంకా వదలలేదు. మైక్రోస్కోపులో ఈస్టే, కర్ణభేరి బాగానే ఉంది. మేష్టారూ, మీరు అడిగాక పాదాలు చూశాను. వేళ్ల మధ్య బొచ్చు తుప్పు రంగుకు తిరిగింది. నాకడం దాని అలవాటు అనుకుని ఇన్నాళ్లూ ఊరుకున్నాను.

చుక్కలు వాసన పోయినా ఆపలేదు. రెండు వారాలకు మళ్లీ చూసి, ఈస్టు లేదన్నాకే ఆపాను. అలర్జీ తిండి వల్లనేమో తేల్చడానికి ఇప్పుడు ఆహార పరీక్ష: ఇంతవరకు తినని తిండి మాత్రమే, 8 వారాలు. పుట్టినప్పటి నుంచి కోడి మాంసం, అన్నం. మా ఇంట్లో చేపలు వండం కాబట్టి ఇప్పుడు దానికి చేప, చిలగడదుంప. చేప కోసం పెరట్లో వేరే పొయ్యి పెట్టాం.

11వ రోజున మా అత్తగారు టీలో ముంచిన బిస్కెట్టు పెడుతూ దొరికిపోయారు. మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్క. "బిస్కెట్టులో కోడి ఎక్కడుందే?" అని ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను.