ఈ వారం సమస్య: జేబు కుట్టు మనుచు సింహ మడిగె

నిర్వాహకుడు:
ఇంట్లో పిల్లలతో కలిసి వేషాలు కట్టినవారంతా ఈసారి తప్పకుండా రాయాలి. నాకు తోచిన క్షణం నుంచీ నవ్వు తెప్పిస్తున్న పాదం ఇది, దీన్నే చివరి పాదంగా పెట్టి పద్యం పూరించాలి:

జేబు కుట్టు మనుచు సింహ మడిగె

పోయినసారి చెట్టు సమస్యకు సగం పూరణలు "వేషం వేశారు, ఆడారు" అనే దగ్గరే ఆగిపోయాయి. ఈసారి సింహానికి జేబు ఎందుకో కూడా ఆలోచించండి.

కలువరేకు:
దిండు తొడుగుఁ గోసి తీరుగా జుబ్బాగ
నూలు జూలుఁ గుట్టె నోర్పు తోడఁ
దల్లి, గర్జ మాని దగ్గరగా వచ్చి
జేబు కుట్టు మనుచు సింహ మడిగె.

దిండు తొడుగుకు మూసి ఉన్న వైపున మెడకు ఒక కోత, పక్కలకు రెండు కోతలు పెడితే చాలు, చొక్కా సిద్ధం. మెడ కోత మొదట చిన్నదిగా పెట్టి, బిడ్డ తల పట్టేదాకా కొంచెం కొంచెంగా పెంచాలి. ఒకేసారి పెద్దగా కోస్తే భుజాల మీద నిలవదు.

గురులఘువు:
కలువరేకు గారూ, మొదటి పాదం హాయిగా ఉంది. "గర్జ మాని" అన్న మాటలో బిడ్డ కనిపిస్తున్నాడు. రెండో పాదం ఒప్పుకోలేను. కుట్టెను + ఓర్పు అని విడదీస్తే యతిస్థానంలో, అంటే పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన చోట, మిగిలేది ఓకారమే. "నూ"తో దానికి మైత్రి ఎక్కడిది? ద్రుతం (మాట చివర చేరే "ను") తెచ్చిన నకారాన్ని లెక్కలోకి తీసుకోవడం ఈ వేదికలో ఎప్పటి నుంచో నడుస్తోంది, ఇకనైనా ఆగాలి. ఇంకొకటి, "తల్లి" తరువాతి ఆ గుర్తును తీసేసి చదివితే గర్జ మానినది తల్లి అవుతుంది.

కలువరేకు:
సవరణ: "నూలు జూలుఁ గుట్టె నుదుటి మీదఁ". గుర్తు మాత్రం అలాగే ఉంటుంది. చదివేవారు అక్కడ ఆగాలనే పెట్టాను.

తాళపత్రం:
నుదుటి మీద మాత్రమే జూలుంటే అది గుర్రం అమ్మా. సింహానికి ముఖం చుట్టూ ఉండాలి. యతి కోసం జంతువునే మార్చేస్తే ఎలా? నా పూరణ:

తోక యూడి పడెను తోటలో నాడంగ
దారమేది? సూది దాచి రెవరు?
ఊడినట్టి దాని నుంచుకొందును నేను
జేబు కుట్టు మనుచు సింహ మడిగె.

గురులఘువు:
జేబు ఎందుకన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు రాదనుకుంటాను. ఊడిన తోకను దాచుకోవడానికి! వేషం అన్న మాట ఎక్కడా లేదు, బిడ్డ అన్న మాట కూడా లేదు, అయినా అంతా తెలిసిపోతోంది. మూడో పాదంలో దానిన్ + ఉంచు, ఊ–ఉ. కలువరేకు గారికి నేను చెప్పింది ఇదే.

కలువరేకు:
యతి బాగుంది, కాదనను. కానీ "దారమేది?" అన్నది ఎవరు? అమ్మ అయితే ఆమె మాట ఎక్కడ ముగిసింది, సింహం మాట ఎక్కడ మొదలైంది? నా అల్పవిరామం మీద అంత చర్చ జరిగింది, ఇక్కడ గొంతు మారినా ఎవరూ పలకలేదు. అసలు ఆ తోక ఊడడం కుట్టులోని లోపం. పాత మేజోడులో గుడ్డపీలికలు కూరి, నడుము పట్టీకి అడ్డంగానూ నిలువుగానూ కుడితే పిల్లలు పట్టుకుని లాగినా రాదు. పిన్నీసుతో పెడితే ఊడుతుంది, గుచ్చుకుంటుంది కూడా.

ఇక, ఊడిపోయే వేషాలు తాళపత్రం గారికి కొత్త కాదు. "చెట్టు నడచి వచ్చి చెప్పు లడిగె" సమస్యకు ఆయన ఎత్తుగడ గుర్తుందా?

కాగితంపు టాకు గమ్ముతో నంటించి

ఆ చెట్టు చెప్పులు అడిగే లోపే ఆకులన్నీ రాలి ఉంటాయి. గుడ్డ మీద కాగితం గమ్ముతో ఎంతసేపు నిలుస్తుంది?

తాళపత్రం:
ఆ ఆకులు అంటించింది మా మనవరాలు. కుట్టి ఉంటే గట్టిగా నిలిచేవి, కానీ నాలుగేళ్ల పిల్ల చేతికి సూది ఇవ్వలేం కదా. గమ్ము ఇస్తే చెట్టంతా తనే చేస్తుంది. రాలిన ఆకును మళ్లీ అంటించడం కూడా దాని ఆటలో భాగమే. పెద్దవాళ్లు ఒంటరిగా కూర్చుని నిర్దోషంగా కుట్టిన వేషం అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ పిల్ల దాన్ని "నేను చేశాను" అని చెప్పుకోలేదు. నాకు ఆ మాటే ముఖ్యం.

నిర్వాహకుడు:
చెట్టు చర్చకు ఆ సమస్య పుటలోనే చోటుంది, అక్కడ కొనసాగించండి.

ఊలుకండె:
నా సింహం వేరు.

పిల్ల లిచ్చినారు పీచు జూలును తోక
అట్ట చెవులు, నాన్న యన్ని తొడిగె
చేతిలోని ఫోను చెంతనే యుండంగ
జేబు కుట్టు మనుచు సింహ మడిగె.

జూలును మెడకు తాడుతో కట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే దయచేసి మానండి. జారుడుబల్ల మీద ఆ తాడు చిక్కుకుంటే గొంతు బిగుస్తుంది. 1996లో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం, పిల్లల పైదుస్తులకు టోపీ దగ్గరా మెడ దగ్గరా లాగుడు తాళ్లు వద్దని మార్గదర్శకాలు ఇచ్చింది ఇందుకే. వెనక వెల్క్రో ముక్క పెడితే ఏదైనా పట్టి లాగినప్పుడు దానంతట అదే విడిపోతుంది. మూడేళ్ల లోపు వారికి గుండీలు, పూసలు అసలు వద్దు, ఊడితే నోట్లోకే వెళ్తాయి. కళ్లకు చిల్లులున్న ముసుగు కన్నా బుగ్గ మీద గీసిన మీసాలు నయం, పక్కచూపు పోదు.

గురులఘువు:
వేషం నాన్నకు వేయడం మంచి మలుపు. గణాలూ యతులూ చక్కగా కుదిరాయి. కానీ జేబు అడగవలసింది పిల్లలే అని నా మనసు అంటోంది. ఏ వేషం కట్టినా వాళ్లు మొదట వెతికేది జేబునే. రాయి, ఈక, మూత, దొరికినదల్లా దాచుకోవాలి కదా.

కలువరేకు:
రెండో పాదం చివరి రూపం: "నూలు జూలుఁ గుట్టె నునుపు టోపిఁ / దల్లి". జూలు టోపీ అంచు చుట్టూ వస్తుంది, మెడకు తాడు ఉండదు, యతికి నూ–ను. గుర్రం అన్నవారు ఇప్పుడు చెప్పాలి.

తాళపత్రం:
సింహమే. పాత బనియను గుడ్డతో టోపీ కుడితే అంచు మడవక్కరలేదు, అల్లిక గుడ్డకు దారాలు రాలవు.

నిర్వాహకుడు:
జేబుకు కారణం చెప్పినందుకు తాళపత్రం గారి పూరణకు నా ఓటు. రెండో పాదానికీ మూడో పాదానికీ మధ్య గొంతు మారిందన్న కలువరేకు గారి అభ్యంతరం సరైనదే, సంకలనంలోకి తీసుకునే ముందు తాళపత్రం గారు దాన్ని సరిచేయాలి. కలువరేకు గారి పద్యం చివరి రూపంలో వెళ్తుంది. వచ్చే వారానికి:

రెక్క లుతికి చిలుక రేపు తొడుగు

తాళపత్రం:
రెక్కలు గుడ్డవా, కాగితపువా? కాగితపువైతే ఉతకడం కుదరదు. పూరణ నడక అంతా దాని మీదే ఉంది.