వారసత్వ సంరక్షణలో పీహెచ్‌డీ: ఇటలీకి మళ్లీ దరఖాస్తు చేయవచ్చా?

ప్రశ్న:
నమస్కారం. ఇటలీలో రెండేళ్లు వారసత్వ సంరక్షణలో మాస్టర్స్ చదివి, ఎనిమిది నెలల క్రితం గుంటూరు తిరిగి వచ్చాను. అమరావతి స్తూపపు సున్నపురాయి శిల్పాలు అమరావతి, చెన్నై, లండన్‌లలోని వేర్వేరు వాతావరణాల్లో ఎలా మారుతున్నాయో పరిశోధించాలని ఉంది. మరో అప్పు చేసే స్థితిలో లేను. యూరోపియన్ యూనియన్ నిధులతో నడిచే మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌ల ద్వారా మళ్లీ ఇటలీకే వెళ్లవచ్చా?

సమాధానం 1:
ఇప్పుడైతే వీలుపడదండి. ఆ పథకంలో ఏ దేశస్థులైనా అర్హులే కానీ, నియామక తేదీకి ముందున్న 36 నెలల్లో ఆతిథ్య దేశంలో 12 నెలలకు మించి నివసించినా, చదివినా, పనిచేసినా అనర్హులవుతారు. మీ లెక్కలో 24 నెలలు ఇటలీవే; అవి 12కు తగ్గాలంటే తిరిగి వచ్చాక 24 నెలలు గడవాలి, ఎనిమిది గడిచాయి కాబట్టి ఆ దేశం కోసం ఇంకా 16 నెలలు ఆగాలి. జర్మనీ, గ్రీస్, నెదర్లాండ్స్‌లకు ఈ అడ్డంకి లేదు. ఇది ఉపకారవేతనం కాదు, ఒప్పందంతో కూడిన ఉద్యోగం. వేతనం సాధారణంగా 36 నెలలే ఉంటుంది కనుక, సిద్ధాంత వ్యాసం నాలుగో ఏటికి సాగితే ఖర్చు ఎవరు భరిస్తారో ఇంటర్వ్యూలోనే అడగండి. పరిశోధనాంశాన్ని సంస్థలే ముందుగా నిర్ణయించి, యూరప్ పరిశోధన ఉద్యోగాల వెబ్‌సైట్ యూరాక్సెస్‌లో ప్రకటిస్తాయి; అమరావతి ప్రతిపాదనను యథాతథంగా పంపితే పక్కన పెట్టేస్తారు. రాతి శిథిలత మీద ప్రకటన వచ్చినప్పుడు మీ అనుభవాన్ని దానికి అన్వయించి రాయండి.

సమాధానం 2:
అమరావతినే పట్టుకోవాలంటే బ్రిటన్ వైపు చూడండి. 1859లో లండన్‌కు తరలించిన ఆ శిల్పాలు బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి. అక్కడి ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్ రిసెర్చ్ కౌన్సిల్ నిధులతో, మ్యూజియం, విశ్వవిద్యాలయం కలిసి పర్యవేక్షించే డాక్టోరల్ స్థానాలకు విదేశీయులూ అర్హులే, అయితే వారి వాటా పరిమితం. కౌన్సిల్ స్వదేశీ విద్యార్థుల రుసుము మేరకే చెల్లిస్తుంది. విదేశీ రుసుముతో వచ్చే తేడాను విశ్వవిద్యాలయం మాఫీ చేస్తుందో లేదో లిఖితపూర్వకంగా తెలుసుకోనిదే ఒప్పుకోవద్దు. నోటిమాటను నమ్మి చివరి నిమిషంలో సీటు వదులుకున్నవాణ్ణి నేను.

సమాధానం 3:
షెడ్యూల్డ్ కులాల విద్యార్థులు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌ను లెక్కలో వేసుకునే ముందు, 2022లో మారిన నిబంధనలు చదవాలి. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్రలపై పరిశోధనలను దాని పరిధి నుంచి తొలగించారు. మన శిల్పాల గురించి విదేశంలో చదవడానికి మన ప్రభుత్వ నిధే దొరకకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఇటలీని ప్రస్తుతానికి పక్కన పెట్టి, గ్రీస్, జర్మనీ ప్రకటనలు చూస్తాను. తిరిగి వచ్చిన తేదీకి రుజువుగా పాస్‌పోర్ట్ ముద్రల నకళ్లు కూడా తీసి పెట్టుకుంటాను.