ఈపీఎస్ పింఛను వస్తే ఆసరా రాదా?

అన్నలూ, అక్కలూ, తెలిసినోళ్లు జర చెప్పండి. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా నాయిన పత్తి మిల్లుల పదకొండేండ్లు చేసిండు. ఇప్పుడు 66 ఏండ్లు. ఈపీఎస్-95 (పీఎఫ్ ఆఫీసోళ్లు ఇచ్చే ఉద్యోగుల పింఛను) కింద నెలకు వెయ్యి వస్తయి, 2014ల పెట్టిన కనీస పింఛను అదే. గోలీలకే సరిపోతలేదు.

ఆసరా వృద్ధాప్య పింఛను, 2,016 రూపాయలది, అడిగితే 'ఒకటి వస్తుంది కదా' అని నోటిమాటతోనే తిప్పి పంపిండ్రు. కాగితం ఇయ్యలే. ఈపీఎస్ సొమ్ము ఎక్కువ భాగం యజమాని వాటాలకెళ్లి జమైంది. ఆసరా సర్కారు ఖజానా నుంచి ఇచ్చేది. రెండూ ఒకటెట్లయితయి?

మా బావేమో 'పన్నులు కట్టేటోళ్ల సొమ్ము ఉత్తగ పంచుడు' అంటడు. నేనొప్పుకోను. నాయిన కొన్న ప్రతి సబ్బు మీద పన్ను కట్టిండు.

ఆ నిబంధన ఏ జీవోల ఉంది? ఎంపీడీవోను అడగాల్నా, ప్రజావాణిల అర్జీ పెట్టాల్నా? మీ ఇండ్లల్ల ఎవరికన్నా రెండూ వస్తున్నయా?