పరీక్ష ముందు రాత్రి నిద్ర మానుకోవడం తప్పా, తప్పనిసరా?

సివిల్ మూడో ఏడాది, హాస్టల్:
సెమిస్టరు మధ్యలో వచ్చే మొదటి మిడ్ పరీక్ష దగ్గరపడుతోందని, ఎవరూ నైట్ అవుట్ కొట్టకుండా పదకొండుకల్లా పడుకోవాలని మా వార్డెన్ గారు నిన్న అందరినీ పిలిచి చెప్పారు. వారి ఉద్దేశం మంచిదే గానీ, నేను ఒప్పుకోలేకపోతున్నాను. సగం సిలబస్, రోజుకు రెండు పేపర్లు, అదే వారంలో అసైన్‌మెంట్లు. పగలంతా హాజరు 75 శాతానికి తగ్గకుండా క్లాసులో కూర్చోక తప్పదు. ఇక చదువుకోవడానికి మిగిలేది రాత్రే. ఏడాదిలో ఓ పది రాత్రులు జాగారం చేసినంత మాత్రాన నష్టమేమిటి?

ఘట్‌కేసర్ బస్సు, డే స్కాలర్:
హాస్టల్ వారికి పడుకోవాలా వద్దా అని ఆలోచించే వీలైనా ఉంది. మా ఇల్లు కూకట్‌పల్లిలో, కాలేజీ ఘట్‌కేసర్ దాటాక. అమ్మ పెట్టిచ్చిన ఇడ్లీ డబ్బా మూత ఉప్పల్ దాటేవరకూ తీయను, అప్పటిదాకా కిటికీకి తల ఆనించి నిద్రపోతూనే ఉంటాను. పరీక్షలప్పుడే కాదు, ల్యాబ్ రికార్డులు రాసే మామూలు వారాల్లోనూ నా నిద్ర ఐదు గంటలు దాటదు.

కెమిస్ట్రీ ల్యాబ్ అధ్యాపకురాలు:
పది రాత్రులే కదా అన్న మాటకు ముందు సమాధానం చెబుతాను. కిందటి సెమిస్టరులో మొదటి సంవత్సరం విద్యార్థి ఒకరు బ్యూరెట్‌లో (ద్రవాన్ని కొలిచే గీతల గాజు గొట్టం) 12.4 చూసి, నా కళ్లముందే రికార్డులో 14.2 అని రాశారు. సరిచూడమంటే మళ్లీ చూసి, మళ్లీ అదే రాశారు. తెలివైన పిల్లవాడే, ముందు రాత్రి కన్ను మూయలేదు. వరుసగా 17 గంటలకు మించి మేలుకొన్నవారు చురుకుదనాన్ని కొలిచే కొన్ని పరీక్షల్లో, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవారికంటే మెరుగ్గా స్పందించలేకపోయారని 2000లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. మన చట్టం 30 మిల్లీగ్రాములు దాటితే చాలు, బండి నడపనివ్వదు. ఉదయం ఆరింటికి లేచి, అర్ధరాత్రి ఒంటిగంటకు కొత్త యూనిట్ తెరిచేవారు అప్పటికే ఆ స్థితిలో ఉన్నట్టు.

ఇంకో సంగతి. పగలు చదివినది మనసులో కుదురుకునేది నిద్రలోనే కాబట్టి, ఆ రాత్రి నిద్ర మానుకుంటే ముందురోజు చదువు కూడా కొంత చేజారుతుంది. 18 నుంచి 25 ఏళ్ల వారికి 7 నుంచి 9 గంటల నిద్ర అవసరమని నిపుణులు చెబుతున్నారు. పరీక్ష వారంలో అది కుదరదంటే కనీసం ఆరు గంటలైనా విడవకండి. మధ్యాహ్నం 20 నిమిషాల కునుకు చాలావరకు ఆదుకుంటుంది. రాత్రి పదింటికి తాగిన కాఫీలోని కెఫీన్ సుమారు సగం మూడింటికీ ఒంట్లోనే ఉంటుంది గనుక, సాయంత్రం నాలుగు తర్వాత కాఫీ మానండి. టిఫిన్ మాత్రం బస్సులోనైనా సరే, తినే వెళ్లండి.

సివిల్ మూడో ఏడాది, హాస్టల్:
మేడమ్, ఆరు గంటల మాటకు ఒప్పుకుంటున్నాను. ఈ మిడ్‌కు మూడు రోజుల ముందే మొదలుపెట్టి చూస్తాను. కానీ నిద్ర చాలకపోవడం ఒక్క విద్యార్థి అలవాటు వల్లే వచ్చినట్టు మాట్లాడటం న్యాయం కాదు. నాలుగు ల్యాబ్‌ల రికార్డులు ఒకే శుక్రవారం ఇవ్వాలని గడువు పెట్టింది మేము కాదు. గ్రాఫులు, పట్టికలు, చేత్తో రాయవలసిన పేజీలు కలిసి ఒక్కో రికార్డుకు రెండు గంటలు పడుతుంది.

ఘట్‌కేసర్ బస్సు, డే స్కాలర్:
నా బాధ కూడా అదే. ప్రయోగం ముగిసిన రోజే ల్యాబ్‌లో రాసి సంతకం పెట్టించుకోగలిగితే, నాకు వారానికి రెండు రాత్రులు మిగులుతాయి.

కెమిస్ట్రీ ల్యాబ్ అధ్యాపకురాలు:
ఆ తప్పు మాదే, ఒప్పుకుంటున్నాను. గడువులన్నీ ఒకే రోజున పడుతున్న సంగతి ఇంతవరకు మేమెవరం కూర్చుని చూసుకోలేదు. వచ్చే సోమవారం నుంచి నా ల్యాబ్‌లో చివరి అరగంట రికార్డు రాయడానికే కేటాయిస్తాను, సంతకం అక్కడే పెడతాను. మిగతా మూడు ల్యాబ్‌ల గడువులు వేర్వేరు రోజులకు మార్చాలని విభాగాధిపతి గారిని రాతపూర్వకంగా కోరతాను. మీ రెండు సెక్షన్ల టైమ్‌టేబుళ్లు నాకు పంపండి.