పేపర్ డైజీ చామంతికి దగ్గరా, బంతికి దగ్గరా?

జైపూర్‌_తోట: మా కొరాపుట్ చలికి పేపర్ డైజీలు (ఎండినా రంగు పోని కాగితంలాంటి పూలు) బాగా వస్తున్నాయి. తంటా అంతా పేర్లతోనే. ఒక ప్యాకెట్ మీద హెలిక్రైసమ్, ఇంకోదాని మీద బ్రాక్టియాంథా. తీరా పూశాక రెండూ ఒకటే! ఇంతకీ ఇది చామంతి కుటుంబమేనా?

గుణుపూర్‌_మాస్టారు: ఆ కుటుంబమేనండి, ఆస్టరేసీ. పేర్ల గొడవ ఈనాటిది కాదు. 1803లో ఫ్రాన్స్‌లో వెంటెనా అనే వృక్షశాస్త్రవేత్త దీన్ని జెరాంథిమమ్ అనే ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో చేర్చాడు. అదేమో తిస్టిల్ ముళ్ల మొక్కల తెగ! తర్వాత హెలిక్రైసమ్‌లోకి మార్చారు. అవి ఎక్కువగా ఆఫ్రికా, మధ్యధరా వైపువి, ఇది ఆస్ట్రేలియాది. 1990లో త్స్వెలెవ్ అనే రష్యా వృక్షశాస్త్రవేత్త జీరోక్రైసమ్ అని వేరే ప్రజాతి పెట్టాడు. మరుసటి ఏడాదే వేరేవాళ్లు బ్రాక్టియాంథా అన్నారు. ముందొచ్చిన పేరుదే హక్కు కాబట్టి జీరోక్రైసమ్ బ్రాక్టియేటమ్ నిలిచింది. ప్యాకెట్ల వాళ్లకి ఆ కబురు ఇంకా అందలేదు లెండి.

ధర్మాబాద్‌_అక్క: మాస్టారూ, మా నాందేడ్ దిక్కు బంతి, పొద్దుతిరుగుడు ఎక్కువ. వాటికి దగ్గరా ఇది?

గుణుపూర్‌_మాస్టారు: కుటుంబం ఒకటే గానీ దూరపు వరస అక్కా. ఆ రెండూ ఒక వైపు శాఖ. ఇది నఫాలియే తెగ, చామంతి తెగకి ఎక్కువ దగ్గర.

సునాబెడా_మొక్కలు: ఒక పువ్వుని బ్లేడుతో నిలువుగా కోయండి, సగం సంగతి తెలిసిపోతుంది. రంగురంగుల రేకులనుకునేవి రేకులు కావు, పుచ్ఛాలు, అంటే పూలని చుట్టి ఉండే ఆకుల్లాంటి పొరలు. గోటితో నొక్కితే గరగరమంటాయి. అసలు పూలు మధ్యలో కిక్కిరిసి ఉన్న సన్నటి గొట్టాలు. చామంతికైతే చుట్టూ ఉన్న ఒక్కో రేకూ ఒక్కో పువ్వు. డిసెంబరు మంచుకి ఈ పుచ్ఛాలు తడిసి ముడుచుకుంటాయి, ఎండెక్కితే విచ్చుకుంటాయి. ఎండబెట్టేవాళ్లు పూర్తిగా విచ్చకముందే కోయాలి. ఆలస్యమైతే మధ్యభాగం నల్లబడి చూడ్డానికి బాగోదు.

ధర్మాబాద్‌_అక్క: బొగడబంతి కూడా ఎండినా రంగు పోదు కదా, అదీ ఈ తెగేనా?

గుణుపూర్‌_మాస్టారు: అబ్బే, అది తోటకూర కుటుంబం. పొడి పుచ్ఛాలు రెండిట్లోనూ విడివిడిగా వచ్చినవే, చుట్టరికం కాదు. నిజమైన చుట్టం కావాలంటే కోతలయ్యాక తడి మళ్లలో చూడండి. తెల్లటి నూగుతో జానెడు కలుపు మొక్క ఉంటుంది, నఫాలియమ్. తెగకి పేరొచ్చింది ఆ ప్రజాతి నుంచే.

జైపూర్‌_తోట: అదా! మా మళ్లలో బోలెడుంది, ఇన్నాళ్లూ పీకి పారేస్తున్నాం. రేపు ఫోటో పెడతాను, చూసి చెప్పండి మాస్టారూ.