కప్పింగ్ చేయించుకుంటే పిక్కలు తొందరగా కోలుకుంటాయా?

పొద్దుటిపరుగు:
వారానికి నాలుగు రోజులు పరిగెడతా, ఆరు వారాల్లో హాఫ్ మారథాన్ ఉంది. లాంగ్ రన్ మర్నాడు పిక్కలు ఎంత బిగుసుకుపోతున్నాయంటే మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని పక్కకి తిరిగి దిగాల్సొస్తోంది. మా గ్రూపులో ఒకాయనేమో కప్పింగ్ (ఒంటి మీద కప్పులు పెట్టి గాలి లాగేస్తారే, అది) చేయించుకో, చెడు రక్తం పైకొచ్చేస్తుంది, టైమింగ్ కూడా మెరుగవుతుంది అంటున్నాడు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు ఫెల్ప్స్ ఒంటి మీద ఆ గుండ్రటి మచ్చలు చూసినప్పట్నుంచీ నాకూ ఓ మూల ఆశ. ఎవరైనా చేయించుకున్నారా?

నిదానం21:
నేను మూడుసార్లు చేయించుకున్నా బ్రో. బోర్లా పడుకోబెట్టి పిక్క మీద కప్పు పెట్టి పంపుతో గాలి లాగేశారు, చర్మం బుడగలా కప్పులోకి ఉబ్బింది, ఏడెనిమిది నిమిషాలు అలాగే ఉంచారు. తీశాక కాళ్లు తేలికైన మాట నిజం, రాత్రి నిద్ర కూడా బాగా పట్టింది. కానీ మర్నాడు వాచీలో పేస్ (పరుగు వేగం) ఎప్పటిదే. మచ్చలు మాత్రం పది రోజులున్నాయి, షార్ట్స్ వేసుకుంటే చాలు ఎవరు కొట్టారని అడగడమే 😅

ఫిజియోని:
చెడు రక్తం కథ వదిలేయండి. సక్షన్‌కి చర్మం కింద సన్నటి రక్తనాళాలు చిట్లి కమిలిన మచ్చ అది, ఎంత నల్లగా వస్తే అంత విషం పోయిందనేది ఒట్టి మాట. నొప్పి కాసేపు తగ్గినట్టు కొన్ని చిన్న స్టడీల్లో కనిపించింది గానీ, కప్పు బిగుసుకుందో లేదో పేషెంటుకి తెలిసిపోతుంది కదా, అందుకని అందులో నమ్మకం వాటా ఎంతో విడదీయడం కష్టం. వేగం పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. పైగా ఇలాంటి నొప్పి మామూలుగా 24 నుంచి 72 గంటల మధ్య ముదిరి దానంతటదే పోతుంది, రెండో రోజు కప్పింగ్ చేయించుకుంటే మూడో రోజు నొప్పి తగ్గిన పేరు కప్పుకే వస్తుంది :)
రక్తం పలచబడే మందులు వాడుతుంటే, పిక్కల మీద నరాలు ఉబ్బి ఉంటే వద్దు. ఒక్క కాలే వాచి వేడిగా ఉంటే మాత్రం రక్తం గడ్డ కావచ్చు, ముందు డాక్టర్ దగ్గరకెళ్లండి.

పొద్దుటిపరుగు:
రెండు కాళ్లూ ఒకేలా నొప్పండి, వాపు లేదు. సరదాకి ఒక్కసారి చేయించుకోవచ్చా?

ఫిజియోని:
చేయించుకోండి, గాట్లు పెట్టి రక్తం తీసే రకం వద్దు, రేసు వారంలో అసలొద్దు. ఇంతకీ లాంగ్ రన్ ఎంత నుంచి ఎంతకి పెంచారు?

పొద్దుటిపరుగు:
10 నుంచి 17 కిలోమీటర్లకి... ఒకే వారంలో 🙈

నిదానం21:
దొరికాడు దొంగ.