పిల్లికి దురద తగ్గట్లేదు, చికెన్ మాన్పించి ఏం పెట్టాలి?

మాది చెన్నై, వేళచ్చేరి. మా పిల్లికి నాలుగేళ్లు, బరువు 4 కిలోలు, గడప దాటదు. పోయిన వేసవి నుంచి మెడ, చెవుల ముందు భాగం గోకి గోకి రక్తం తెచ్చుకుంటోంది. వీపు నిమిరితే బొచ్చు కింద ఇసుక రేణువుల్లా పొక్కులు చేతికి తగులుతాయి. పొట్ట నాకి నాకి బోడి చేసుకుంది. వానాకాలం వచ్చినా, చలికాలం వచ్చినా తేడా లేదు.

ఫ్లీస్ (బొచ్చులో ఉండి రక్తం పీల్చే చిన్న పురుగులు) పోవడానికి ఫిప్రోనిల్ చుక్కలు నెలనెలా వేస్తున్నాం. దువ్వెనతో దువ్వి, రాలిన నల్ల నలుసుల్ని తడి టిష్యూ మీద వేసి చూశాను, ఎర్ర మరక రాలేదు. అంటే ఆ నలుసులు ఫ్లీస్ రెట్ట కాదన్నమాట, కానీ పిల్లి నాకేసుకుంటుంది కాబట్టి ఫ్లీస్ అసలు లేవని మాత్రం గట్టిగా చెప్పలేను. ఫంగస్ కల్చర్‌లోనూ ఏమీ లేదు. ప్రెడ్నిసలోన్ (స్టెరాయిడ్ మందు) రోజూ 5 మి.గ్రా. వేసినన్నాళ్లూ హాయిగా పడుకుంటుంది, రోజు మార్చి రోజుకి తగ్గించగానే మళ్ళీ మొదలు. పక్కింటావిడ వేపనూనె రాయమంది కానీ ఒళ్ళంతా నాకే జీవికి అది రాయడం నాకు ఇష్టం లేదు.

ఇక తిండి అలర్జీయేమో చూడాలని, ఇదివరకు తినని ఒకే మాంసంతో 8 వారాలు నడపమన్నారు డాక్టరు. ఇది పుట్టి బుద్ధెరిగాక తిన్నవి చికెన్, ట్యూనాలే. హైడ్రొలైజ్డ్ గింజలు (అలర్జీ రాకుండా ప్రొటీన్‌ని చిన్న ముక్కలుగా విడగొట్టి చేసిన పిల్లి తిండి) పెడితే వాసన చూసి, మట్టి కప్పినట్టు నేలని గీకి వెళ్ళిపోతుంది! ఉడికించిన మటన్ తింటుంది కానీ, వట్టి మాంసంతో టౌరిన్ (పిల్లులకి తిండిలో తప్పనిసరిగా అందాల్సిన పోషకం) చాలక గుండెకి ఇబ్బందవుతుందని టెన్షన్.

మటన్‌తోనో, పోర్క్‌తోనో ఈ 8 వారాలు పూర్తి చేసినవాళ్ళుంటే, టౌరిన్ ఏ రూపంలో, రోజుకి ఎంత కలిపారో చెప్తారా?